మడిచిన కోటు చేతులు, దూది కుక్కిన షూలు

కెమిస్ట్రీ ల్యాబు తలుపు వెనక మేకులకు వేలాడే తెల్లకోట్లు గుర్తున్నాయా? అన్నీ ఒకటే సైజు. ఏ మేకు మీది కోటు తీసినా కుట్టు భుజం దిగి జారేది, చేతులు వేళ్ళ కొసలు దాటి వేలాడేవి. అమ్మాయిలు మొదట చేసే పని ప్రయోగం కాదు, కోటు చేతులు మడవడం. రెండు మడతలు, కొందరికి మూడు. ఒక బ్యాచి వెళ్ళి ఇంకో బ్యాచి వచ్చేసరికి ఆ మడత గీతలు గుడ్డ మీద అలాగే నిలిచి ఉండేవి. తర్వాత వచ్చిన అమ్మాయి అదే గీత మీద మళ్ళీ మడుచుకునేది.

ఆ గీతలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. సీటు ఇచ్చాం, ల్యాబులోకి రానిచ్చాం, ఇంకేం కావాలి అనుకున్న కాలం అది. లోపలున్న కోటు, గ్లవ్, గ్రౌండులో షూ, బార్, బంతి ఎవరి ఒంటి కొలతకు చేశారో అడిగినవాళ్ళు తక్కువ. వస్తువు సరిపోకపోతే ఆ తప్పు వస్తువు మీద పడేది కాదు, వేసుకున్న పిల్ల మీద పడేది.

మడిచిన చేయి చూడ్డానికి ఏమీ అనిపించదు గానీ, మడత అంటే మణికట్టు చుట్టూ కట్టుకున్న చిన్న జేబు లాంటిది. బ్యూరెట్ నింపేటప్పుడు చిందిన యాసిడ్ చుక్క మామూలు గుడ్డ మీదైతే కిందికి జారిపోతుంది. మడతలో పడితే అక్కడే ఊరుతుంది, చర్మం మండేదాకా తెలియదు. మడత అంచు స్టాండు మరకు తగులుకుంటుంది, బీకరు మూతిని లాగేస్తుంది. బర్నరు దగ్గర వదులు గుడ్డ సంగతి చెప్పనక్కర్లేదు. అసలు చిక్కు గ్లవ్ దగ్గర వస్తుంది. గ్లవ్ అంచు కోటు చేతి మీదుగా రావాలి. మూడు మడతల లావు మీద గ్లవ్ ఎక్కదు కాబట్టి రెండింటి మధ్యా మణికట్టు బయటపడి ఉంటుంది, సరిగ్గా ద్రవాలు చిందే చోటే. కొందరు రబ్బరు బ్యాండు వేసి బిగించేవాళ్ళు. అది ఇంకో ప్రమాదం. కోటు మీద ఏదైనా ఒలికితే ఒక్క లాగుతో ఊడిరావాలి. అందుకే చాలా ల్యాబు కోట్లకు గుండీలు కాకుండా ప్రెస్ బటన్లు పెడతారు. మణికట్టు దగ్గర బ్యాండు ఉంటే చేయి అక్కడే ఇరుక్కుంటుంది.

దీనికి మందు చాలా చిన్నది. భుజం ఎముక కొస నుంచి, మోచేయి కొంచెం వంచి, మణికట్టు ఎముక దాకా టేపు పెట్టి కొలవాలి. మిగిలింది కత్తిరించి అంచు కుట్టించాలి. భుజం కుట్టు ఎముక కొసన కూర్చోకపోతే చేయి ఎంత కుదించినా పైకి ఎత్తినప్పుడు కోటు మొత్తం లేస్తుంది, అప్పుడు సైజే మార్చాలి.

గ్లవ్‌ల కథా ఇంతే. సర్జికల్ గ్లవ్ సైజు అంకె గాలిలోంచి వచ్చింది కాదు. బొటనవేలు వదిలేసి, అరచేతిని వేళ్ళ మొదళ్ళ దగ్గర చుట్టి కొలిస్తే ఎన్ని అంగుళాలు వస్తుందో దాదాపు అదే సైజు. 6½ అంగుళాల చేతికి 8 సైజు గ్లవ్ తొడిగితే ప్రతి వేలి చివరా ఖాళీ రబ్బరు మిగులుతుంది. సీసా మూత తిప్పేటప్పుడు అది మరలో నలుగుతుంది. పరీక్షనాళిక పట్టు తెలియక జారుతుంది. గాజు పగిలిన చప్పుడుకి అందరూ తిరిగి చూసేవారు. "నీకు చేతి నిలకడ లేదమ్మా" అనేవారు. ఆ మాట విని ప్రయోగం పక్క అమ్మాయికి వదిలేసి, రీడింగులు రాసుకోవడానికే పరిమితమైన పిల్లలు ఎందరో. నోటుబుక్కు చక్కగా రాసేది వాళ్ళే, పరికరం ముట్టుకోనిదీ వాళ్ళే.

గ్రౌండులోకి వస్తే, షూల ముందు భాగంలో కుక్కిన దూది. ఆడపిల్లల కోసం విడిగా స్పైక్స్, రన్నింగ్ షూలు దొరకని రోజుల్లో మగవాళ్ళ చిన్న సైజు తెచ్చి తొడిగేవాళ్ళు. ఆడవాళ్ళ పాదం మగవాళ్ళ పాదాన్ని కుదించినట్టు ఉండదు. వేళ్ళ వైపు వెడల్పుతో పోలిస్తే మడమ సన్నం. ముందు సరిపోయేలా కొంటే మడమ లోపల పైకీ కిందికీ ఆడుతుంది, మూడో రౌండుకల్లా పొక్కు. దూది కుక్కితే పాదం ముందుకు పోదు గానీ మడమ ఆట ఆగదు. దానికి లేసు కట్టే ఉపాయం ఒకటి ఉంది, ఇప్పటికీ పనికొస్తుంది. పైనున్న చివరి రెండు కన్నాల్లోకి లేసును అదే వైపు దూర్చి చిన్న ఉచ్చు వదలాలి. కుడి లేసు ఎడమ ఉచ్చులోంచి, ఎడమ లేసు కుడి ఉచ్చులోంచి తీసి, ముందుకు కాదు, వెనక మడమ వైపు కిందికి లాగి ముడి వేయాలి. మడమ వెనక్కి హత్తుకుంటుంది. ముందుకు లాగితే పాదం పైన నరం నొక్కుకుని వేళ్ళు తిమ్మిరెక్కుతాయి.

1966లో అమెరికా అమ్మాయి బాబీ గిబ్ బోస్టన్ మారథాన్ పరిగెత్తింది మగపిల్లల షూలతోనే. ఆడవాళ్ళకు ఎంట్రీ ఇవ్వం అన్నారు కాబట్టి ప్రారంభ గీత దగ్గర పొదలో దాక్కుని, పరుగు మొదలయ్యాక గుంపులో కలిసింది. 3 గంటల 21 నిమిషాల్లో ముగించింది, పాదాలు పొక్కులెక్కాయి. మరుసటి ఏడు కాథరిన్ స్విట్జర్ పేరు పొడి అక్షరాలతో నమోదు చేసుకుని 261 నంబరుతో దిగితే, పరుగు మధ్యలో ఒక అధికారి ఆ నంబరు చింపబోయాడు. ఆ ఫొటో చూడని ఆటగత్తె ఉండదు. బోస్టన్‌లో ఆడవాళ్ళకు అధికారికంగా దారి ఇచ్చింది 1972లో.

దూరాల విషయం తలుచుకుంటే 800 మీటర్లు దగ్గర ఆగాల్సిందే. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ళకు ఆ పోటీ పెట్టారు. లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలిచింది. ఫైనల్లో దిగిన తొమ్మిది మందీ గీత దాటారు. కానీ పత్రికలు రాసింది గీత దాటాక పచ్చిక మీద కూలబడ్డ అమ్మాయిల గురించి. 800 మీటర్లు పరిగెత్తినవాళ్ళెవరైనా కూలబడతారు. రక్తంలో లాక్టేట్ విపరీతంగా చేరుతుంది, కాళ్ళు సీసం పోసినట్టు అవుతాయి, రెండు మూడు నిమిషాలు లేవాలనిపించదు. మగవాడు పడితే ప్రాణం పెట్టి పరిగెత్తాడన్నారు. ఆడది పడితే ఈ దూరం ఆమె ఒంటికి పడదన్నారు. ఆ ఒక్క మాటతో పోటీని తీసేశారు. మళ్ళీ వచ్చింది 1960 రోమ్‌లో. 32 ఏళ్ళు. ఆ మధ్యలో పుట్టి, పెరిగి, రిటైరైపోయిన రన్నర్లు ఎంతమందో ఎవరు లెక్కపెట్టగలరు? మారథాన్ రావడానికి 1984 దాకా ఆగాల్సి వచ్చింది. జోన్ బెనాయిట్ దాన్ని 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో ముగించింది.

లోదుస్తుల గురించి మాట్లాడటానికి అప్పట్లో కోచ్‌లూ సిగ్గుపడేవాళ్ళు, అమ్మాయిలూ సిగ్గుపడేవాళ్ళు. ఒకటి మీద ఒకటి రెండు వేసుకోవడం, దాని మీద క్రేప్ బ్యాండేజీ చుట్టడం. బ్యాండేజీ పక్కటెముకల్ని బిగించేస్తే ఊపిరి పూర్తిగా తీయడం కుదరదు. నాలుగు వందల మీటర్ల చివరి వంపులో అమ్మాయి వెనకబడితే "స్టామినా లేదు" అని రాసుకునేవారు. 1977లో అమెరికాలో లీసా లిండాల్, పాలీ స్మిత్, హిండా మిల్లర్ అనే ముగ్గురు ఆడవాళ్ళు, మగ ఆటగాళ్ళు లోపల వేసుకునే సపోర్టర్లు రెండు కలిపి కుట్టి మొదటి స్పోర్ట్స్ బ్రా తయారుచేశారు. పట్టీలు వీపు మీద అడ్డంగా దాటుకునేలా పెట్టారు, భుజం మీంచి జారవు. ఒరుసుకోకుండా కుట్లు బయటి వైపు పెట్టారు.

ఇప్పుడు దొరుకుతున్నా చాలామంది తప్పు సైజే వేసుకుంటారు, ఎవరూ చెప్పరు కాబట్టి. పరుగులో కదలిక పైకీ కిందికీ మాత్రమే కాదు, పక్కలకూ ముందు వెనకలకూ ఉంటుంది. బరువు మోయాల్సింది భుజం పట్టీలు కాదు, కింది పట్టీ. రెండు చేతులూ పైకెత్తితే కింది పట్టీ కదలకూడదు, లేచిందంటే వదులు. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, మూడు దూరితే వదులు, ఒకటే దూరితే ఊపిరికి అడ్డం. పది సార్లు గెంతి చూడాలి. భుజాల మీద గాడి పడుతోందంటే కింది పట్టీ తన పని చేయట్లేదని అర్థం. సాగు పోయిన రోజే దాని ఆయుష్షు తీరినట్టు, చూడ్డానికి కొత్తగా ఉన్నా సరే.

బంతుల గురించి ఒక్క మాట. అబ్బాయిలు ఆడి అరగదీసిన బాస్కెట్‌బాల్ అమ్మాయిలకు వచ్చేది, అదీ 7వ సైజు. అమ్మాయిలది 6వ సైజు. చుట్టుకొలత 72.4 సెంటీమీటర్లు, మగవాళ్ళది 74.9. రెండున్నర సెంటీమీటర్ల తేడాకి ఏమవుతుందంటారా? అరచెయ్యి బంతి కిందకు చేరదు, మోచెయ్యి పక్కకు పోతుంది, షాట్ మణికట్టుతో కాకుండా ఛాతీ నుంచి నెట్టడం అలవాటవుతుంది. ఆ అలవాటు పడ్డాక సరైన బంతి ఇచ్చినా పోదు. క్రికెట్‌లో మాత్రం ఆడవాళ్ళ బంతి మగవాళ్ళదానికన్నా తేలిగ్గా, 140 నుంచి 151 గ్రాములు ఉండాలని నియమంలోనే రాసి ఉండేది. అన్నట్టు, మొదటి క్రికెట్ ప్రపంచ కప్ ఆడింది ఆడవాళ్ళే, 1973లో. మగవాళ్ళది రెండేళ్ళ తర్వాత మొదలైంది.

ఇక వెయిట్‌లిఫ్టింగ్ హాలు. సుద్ద వాసన, రబ్బరు డిస్కులు చెక్క మీద పడ్డప్పుడు అరికాళ్ళలోంచి వచ్చే అదురు. ఆడవాళ్ళకు మొదటి ప్రపంచ పోటీలు 1987లో డేటోనా బీచ్‌లో జరిగాయి. అప్పట్లో పట్టుకున్నది మగవాళ్ళ బారే: 20 కిలోలు, 28 మిల్లీమీటర్ల మందం. తర్వాత ఆడవాళ్ళకంటూ 15 కిలోల బార్ వచ్చింది, మందం 25 మిల్లీమీటర్లు, పొడవు 2 మీటర్ల 1 సెంటీమీటరు. మూడు మిల్లీమీటర్ల తేడానా అని నవ్వేవాళ్ళు. చుట్టుకొలత లెక్కేయండి. 28 మిల్లీమీటర్ల బార్ చుట్టూ 88 మిల్లీమీటర్లు, 25 బార్ చుట్టూ 78 పైచిలుకు. దాదాపు ఒక వేలి కణుపు సగం.

ఆ సగం కణుపులోనే పట్టంతా ఉంది. లిఫ్టర్లు పట్టేది హుక్ గ్రిప్. ముందు బొటనవేలు బార్ చుట్టూ తిప్పి, దాని మీద చూపుడువేలు, మధ్యవేలు బిగిస్తారు. మధ్యవేలు బొటనవేలి గోరు దాటి మొదటి కణుపు మీద కూర్చుంటేనే తాళం పడ్డట్టు. చిన్న చేతికి లావు బార్ ఇస్తే మధ్యవేలు గోరు కొసనే ఆగిపోతుంది. మోకాళ్ళ దాకా బాగానే వస్తుంది. తొడల దగ్గర వేగం పెంచే క్షణంలో వేళ్ళు విచ్చుకుంటాయి. ఆ భయంతో అమ్మాయి చేతులు ముందే వంచి లాగుతుంది, బార్ ఒంటికి దూరంగా ఊగుతుంది, ముందుకు పడుతుంది. కోచ్ "చేతులు వంచకు, చేతులు వంచకు" అని అరుస్తాడు. వంచుతున్నది చేతులు కాదు, బార్ మందం. ఇంకో చిక్కు కొత్తగా చేరినవాళ్ళది. స్నాచ్, అంటే బార్‌ను ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం, నేర్చుకునే పదమూడేళ్ళ పిల్లకు ఖాళీ బారే 20 కిలోలైతే టెక్నిక్‌కి చోటెక్కడ? అందుకే చీపురు కర్రతో నేర్పేవాళ్ళు. కర్ర ఒంటికి ఆనుకుని లేచే తీరు నేర్పదు, తేలిగ్గా ఎటు పడితే అటు పోతుంది.

రెండు బార్లూ ఉన్న హాల్లో వాటిని కలిపేయడం ఇప్పటికీ జరిగే పొరపాటు. ఆడవాళ్ళ బార్ మీద పసుపు గుర్తు, మగవాళ్ళ దాని మీద నీలం. గుర్తు చెరిగిపోతే చేత్తో పట్టుకుని చూడాలి, డిస్కులు ఎక్కించే చివర్లు రెండింటికీ 50 మిల్లీమీటర్లే కాబట్టి అక్కడ తేడా తెలియదు. తప్పు బార్ ఎక్కితే లెక్కలో 5 కిలోలు తేడా వస్తుంది. గరుకు గీతల్లో సుద్ద పేరుకుంటే పట్టు నున్నగా జారుతుంది, వారానికొకసారి నైలాన్ బ్రష్‌తో రుద్దాలి.

2000 సంవత్సరం సెప్టెంబరు 19, సిడ్నీ. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ అదే మొదటిసారి. 69 కిలోల విభాగంలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110 ఎత్తింది. బార్ 15, డిస్కులు జారకుండా చివర్లలో బిగించే రెండు కాలర్లు ఒక్కోటి రెండున్నర, మొత్తం 20. మిగిలిన 90లో అటు 45, ఇటు 45, అంటే ఒక 25 కిలోల ఎర్ర డిస్కు, ఒక 20 కిలోల నీలం డిస్కు. ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, అంటే ప్రతి వైపూ రెండు ఎర్రవి, పక్కన 5 కిలోల చిన్నది. కలిపి 240, కాంస్యం. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. చివరి ప్రయత్నంలో బంగారం కోసం 137.5 పెట్టించి అందుకోలేకపోయింది. ఆ రోజు చూసినవాళ్ళకు పతకం ఎంత గుర్తుందో, ఆ పెట్టించిన అంకె కూడా అంతే గుర్తుంది. కాంస్యం చేతిలో ఉండగా బంగారానికి అడిగే ధైర్యం అది.

సైన్సు గదుల్లో కోటు కన్నా ముందు అడ్డం వచ్చింది తలుపే. 1907లో బెర్లిన్ వచ్చిన భౌతిక శాస్త్రవేత్త లీజ మైట్నర్‌కు కెమిస్ట్రీ ఇన్‌స్టిట్యూట్‌లో ఇచ్చిన చోటు కింద ఉన్న వడ్రంగి గది, దానికి బయటి నుంచే దారి. పై అంతస్తు ల్యాబుల్లోకి రాకూడదు. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు, దగ్గర్లోని హోటలుకి వెళ్ళాలి. రెండేళ్ళు అలాగే పనిచేసింది. తనూ పాలుపంచుకున్న కేంద్రక విచ్ఛిత్తి పరిశోధనకు ఇచ్చిన 1944 కెమిస్ట్రీ నోబెల్ తోటి పరిశోధకుడు ఆటో హాన్ ఒక్కరికే వెళ్ళింది.

జోసెలిన్ బెల్ కాగితాల సంగతి ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు. కేంబ్రిడ్జ్‌లో పిహెచ్‌డి విద్యార్థినిగా రేడియో టెలిస్కోప్ కట్టడంలో తనూ సుత్తి పట్టుకుని గుంజలు పాతింది. నాలుగున్నర ఎకరాల మేర రెండు వేలకు పైగా యాంటెన్నాలు. 1967లో అది మొదలయ్యాక రోజుకు దాదాపు 30 మీటర్ల చార్టు కాగితం. కంప్యూటర్ లేదు, కంటితోనే చదవాలి. ఆకాశం ఒక చుట్టు పూర్తయ్యేసరికి నాలుగు రోజులు, 120 మీటర్ల కాగితం. అందులో అర సెంటీమీటరు మేర పెన్ను పిచ్చిగీత గీసింది. నక్షత్రపు మిణుకులా లేదు, వాహనాల రొద లాగానూ లేదు. ఎక్కడో ఇదివరకు చూసినట్టుందే అని పాత చుట్టలు తిరగేసింది. అదే గీత, ఆకాశంలో అదే చోట. మనుషులు చేసే రొద అయితే గడియారం ప్రకారం వస్తుంది. ఇది రోజుకు నాలుగు నిమిషాలు ముందు వస్తోంది, నక్షత్రాల లాగా. నవంబరు 28న కాగితం వేగం పెంచి గీయిస్తే పిచ్చిగీత విడివిడి తలలుగా విచ్చుకుంది, 1.33 సెకన్లకు ఒకటి. పల్సార్ అది, గిరగిరా తిరుగుతూ లయ తప్పకుండా రేడియో తరంగాలు పంపే నక్షత్రం. 1974 నోబెల్ ఆమె గైడుకీ ఇంకో ప్రొఫెసరుకీ వచ్చింది. పత్రికలవాళ్ళు వచ్చినప్పుడు గైడును ఖగోళం గురించి అడిగారు, ఆమెను నడుం కొలతలు అడిగారు. కోటుకూ గ్లవ్‌కూ కొలత తీయనివాళ్ళు అడిగిన కొలత అది. 2018లో వచ్చిన 30 లక్షల డాలర్ల బహుమతి మొత్తాన్నీ ఆమె ఫిజిక్స్ పరిశోధనలో తక్కువగా కనిపించే వర్గాల విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు ఇచ్చేసింది.

అంతరిక్షం దాకా వెళ్ళినా సైజు వదల్లేదు. 1983లో అమెరికా వ్యోమగామి శాలీ రైడ్ వారం ప్రయాణానికి బయలుదేరుతుంటే నెలసరిలో వాడే టాంపాన్లు 100 సరిపోతాయా అని ఇంజనీర్లు అడిగారు. 2019 మార్చిలో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి స్పేస్‌వాక్ చేయాల్సింది. ఇద్దరికీ స్పేస్‌సూట్‌లో మీడియం సైజు మొండెం భాగం కావాలి, వాడుకకు సిద్ధంగా ఉన్నది ఒకటే. ఒకరు తప్పుకోవాల్సి వచ్చింది. వదులు సూట్ ఎందుకు పనికిరాదంటే లోపల గాలి ఒత్తిడికి సూట్ బిగుసుకుని ఉంటుంది. భుజం కీలు ఉన్నచోట సూట్ కీలు లేకపోతే ప్రతి కదలికా సూట్‌తో కుస్తీయే, ఆరేడు గంటల పాటు. అక్టోబరు 18న క్రిస్టినా కోచ్, జెస్సికా మీర్ కలిసి బయటికి వెళ్ళారు.

కంటికి కనబడని సైజు ఇంకోటి ఉంది, పేరు. హబుల్ టెలిస్కోప్ సమయం కోసం వచ్చే ప్రతిపాదనల్ని 2018లో పేర్లు తీసేసి చదివారు. ఆడవాళ్ళ నాయకత్వంలో వచ్చినవాటికి మగవాళ్ళ కన్నా కొంచెం ఎక్కువ శాతం ఆమోదం దొరికింది. అంతకుముందు ఏళ్ళ తరబడి అలా జరగలేదు. ఇది ఏ స్కాలర్‌షిప్ కమిటీ అయినా చేయొచ్చు, కానీ మొదటి పేజీ చింపేస్తే సరిపోదు. "మా గత పరిశోధనలో చూపినట్టు" అన్న ఒక్క వాక్యం మొత్తం బయటపెడుతుంది. పాత పనిని కూడా వేరేవాళ్ళది అన్నట్టు రాయించాలి. కృతజ్ఞతల పేరా, ఫైలు పేరు, ఫైలు వివరాల్లో దాగే పేరు, అన్నీ తీయాలి. కమిటీలో ఒకరు "ఇదెవరిదో నాకు తెలుసు" అనడం మొదలుపెడితే ఆపడానికి ఒక మనిషిని కూర్చోబెట్టాలి.

సమయం కూడా కొలతే. చదువుల్లో ఆడా మగా తేడా చూపొద్దని 1972లో అమెరికాలో వచ్చిన టైటిల్ నైన్ చట్టం అసలు వాక్యం ఇంగ్లీషులో 37 మాటలు, అందులో ఆటల ఊసే లేదు. 1975 నిబంధనల్లో వివరంగా రాశారు: పరికరాలు, ప్రాక్టీసు వేళలు, కోచింగ్, ప్రయాణం, బట్టలు మార్చుకునే గదులు. గ్రౌండు అమ్మాయిలకు ఎప్పుడిచ్చేవారో గుర్తుందిగా? అబ్బాయిలు వదిలేశాక, వెలుతురు పోయే వేళ. గంటలు కూడితే ఇద్దరికీ సమానమే వచ్చేది. అందుకే మొత్తం గంటలు చూసి మోసపోకూడదు. నాలుగు వారాలు ఒక పుస్తకంలో రాయాలి: ఏ గ్రౌండు, ఎన్ని గంటలకు, కోచ్ ఉన్నారా, ఎన్ని బంతులు, అవి ఎవరు ఆడినవి, రద్దయితే ఎవరిది రద్దయింది. రద్దుల వరస చూస్తే తెలిసిపోతుంది.

ఈమధ్య కొన్ని ల్యాబుల్లో, హాళ్ళలో సెషన్ మొదటి రోజు ఒక పని చేస్తున్నారు. పాఠం మొదలుపెట్టక ముందు టేపు తీసుకుని వరసగా నిలబెడతారు. అరచేతి చుట్టుకొలత, భుజం నుంచి మణికట్టు, పాదం పొడవు, పాదం వెడల్పు. పాదాలు సాయంత్రం కొలుస్తారు, అప్పటికి కొంచెం ఉబ్బి ఉంటాయి కాబట్టి. రెండు పాదాలూ కొలిచి పెద్దది రాసుకుంటారు. రిజిస్టరులో పేరు పక్కన 6½, 7, 6 అని అంకెలు పడతాయి. తర్వాతే కోట్లకూ గ్లవ్‌లకూ ఆర్డరు వెళ్తుంది. మేకులకు ఇప్పుడు నాలుగు సైజుల కోట్లు వేలాడుతున్నాయి, చేతుల మీద మడత గీతలు లేకుండా.